టీమును నిలబెట్టినాయన మీద నా కోపం

డ్రిల్ మాస్టరు చనిపోయిన కబురు నాకు సామ్యేలు తెచ్చాడు. సామ్యేలు మిషన్ దవాఖానలో కాంపౌండరు. మధ్యాహ్నం అన్నాల వేళ కలెక్టరు కచేరీకి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. చేతిలోని గొడుగు పిడి కాసేపు తిప్పుకుంటూ ఉండి, "సార్ పోయిండన్నా" అన్నాడు. ఏ సారు అని నేను అడగలేదు. మా ఇద్దరి మధ్యా ఆ మాటకు ఒక్కడే మనిషి.

"ఆదివారం చర్చి వెనక జాగల నలుగురం కూసుంటున్నం. నువ్వు పాత కెప్టెన్‌వి. జర నాలుగు మాటలు చెప్పాలె."

"నేను రాను సామ్యేలూ. నోరు తెరిస్తే ఆయన గురించి మంచి మాట రాదు నాకు."

"మంచే చెప్పుమని ఎవలన్నరు? ఉన్నది చెప్పు."

ఆదివారం నేను వెళ్ళలేదు. ఇంట్లోనే ఉన్నాను. అక్కడ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పేరు మాత్రం రాయను. రెండేళ్ళు మా మధ్య తిరిగాడు. మాలో ఒక్కరి పేరు కూడా ఆయన నోట పలకలేదు. నేను కచేరీలో గుమస్తాను గనుక "దఫ్తర్" అనేవాడు. బట్టలు కుట్టే నర్సయ్య "దర్జీ". సామ్యేలు "దవాఖాన". మా క్లబ్బు సెక్రటరీ ఊళ్ళో పేరున్న వకీలు, ఆయన్ని కూడా మొహం మీదే "ఏం కోర్టు, ఏమంటవ్?" అన్నాడు. పేర్లు తెలియక కాదు. మ్యాచ్ కాగితంలో అందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా తప్పు లేకుండా రాసేవాడు. పలకడానికే ఆయనకు మనసొప్పేది కాదు. నేను ఈ ఒక్క విషయంలో ఆయన మీద బదులు తీర్చుకుంటున్నాను.

పొట్టి మనిషి. మెడ ఉన్నదా లేదా అనిపించేలా బిగిసిన భుజాలు. ఖాకీ నిక్కరు, సగం చేతుల చొక్కా. జేబులో ఎప్పుడూ పుట్నాలు. ఆట చూస్తూ ఒక్కొక్క పలుకే తీసి నోట్లో వేసుకునేవాడు. రెండేళ్ళలో ఎవరికీ ఒక్క పలుకు పెట్టలేదు. చిన్న విషయమే అంటారు. కచేరీ నుంచి తిన్నగా వచ్చి ఖాళీ కడుపుతో పొద్దు గూకేదాకా పరిగెత్తినవాడికి అది చిన్న విషయం కాదు.

నల్లగొండలో మా ఫుట్‌బాల్ క్లబ్బు నిజాం కాలం నుంచీ ఉన్నది. పోలీసు చర్య తరువాత మంచి ఆటగాళ్ళు కొందరు హైదరాబాదు చేరారు, కొందరు ఆటే మానుకున్నారు. మిగిలిన మేము పాత పేరు చెప్పుకుంటూ ఆడుతుండేవాళ్ళం. ఇట్లా ఉండగా కృష్ణ మీద ఆనకట్ట కట్టే చోటు నుంచి అక్కడి పనివాళ్ళ టీము ఒకటి మా ఊరు వచ్చింది. మా గ్రౌండు మీద, మా ఊరి పెద్దలందరూ కుర్చీలు వేసుకుని చూస్తుండగా, మాకు ఎనిమిది గోల్స్ కొట్టింది. మేము ఒక్కటీ కొట్టలేదు. అప్పుడు నేనే కెప్టెన్‌ని. ఆట అయిపోయాక వాళ్ళ కెప్టెను నా దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, "మీ ఊళ్ళో నీళ్ళు మంచివి కావంట గదండీ" అన్నాడు. వెక్కిరించాడనుకుంటే కొంత నయంగా ఉండేది. నిజంగా జాలిపడే అన్నాడు.

ఆ అవమానంతో కమిటీకి నిద్ర లేదు. హైస్కూలుకు కొత్తగా బదిలీ మీద వచ్చిన డ్రిల్ మాస్టరు ఒకప్పుడు పట్నంలో పెద్ద టీముకు హాఫ్ బ్యాక్ ఆడినవాడని తెలిసింది. సెక్రటరీ వకీలు స్వయంగా ఆయన కిరాయి ఇంటికి వెళ్ళి పిలుచుకొచ్చాడు.

మొదటి మూడు సాయంత్రాలు ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. గోల్ వెనక ఇనుప బకెట్టు బోర్లించి దాని మీద కూర్చునేవాడు. బంతి ఒక దిక్కు పోతుంటే ఆయన ఇంకో దిక్కు చూస్తుండేవాడు. మూడో రోజు నేను ఉండబట్టలేక, "ఆట ఇటు నడుస్తున్నది సార్" అన్నాను.

"బంతి ఉన్నోణ్ణి గుడ్డోడు గూడ చూస్తడు దఫ్తర్. బంతి లేనోళ్ళు పదిమంది ఉన్నరు. వాళ్ళేం చేస్తున్నరో చూస్తున్న."

"ఏం చేస్తున్నరు?"

"బంతి ఉన్నోణ్ణి చూస్తున్నరు."

నాలుగో సాయంత్రం మమ్మల్నందరినీ వరుసగా నిలబెట్టాడు. అంగడిలో ఎడ్లను చూసినట్టు ఒక్కొక్కడి ముందూ ఆగి, "నోరు తెరు" అన్నాడు. పళ్ళు చూశాడు. తరువాత చేతులు చాపి, మడమలు లేవకుండా గొంతుక్కూర్చుని లేవమన్నాడు. ముగ్గురం లేవలేకపోయాం. నేను నేల మీద చెయ్యి ఆనించి లేచాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

"చెయ్యి పెట్టినవ్ దఫ్తర్. ఏ ఊరు మీది?"

మునుగోడు దిక్కున మా ఊరి పేరు చెప్పాను. అక్కడి బావినీళ్ళు పళ్ళనూ ఎముకలనూ పాడుచేస్తాయని అందరికీ తెలిసిందే.

"ఆ నీళ్ళే తాగి పెరిగినవు. పండ్ల మీద పచ్చచారలు. మోకాళ్ళల్ల బిరుసు. ఇంక రెండేండ్లు నడుస్తవు మంచిగ. ఉరుకుడు మాత్రం అయిపోయింది నీకు."

నాకప్పుడు ముప్ఫై ఒకటి. పెళ్ళయి ఇద్దరు పిల్లలు. అంతమంది ముందర, వాళ్ళల్లో నాకంటే పదేళ్ళు చిన్నవాళ్ళు ముసిముసిగా నవ్వుతుండగా, ఒక మనిషి నా నోరు తెరిపించి నా బతుకులో ఆట అయిపోయిందని చెప్పాడు. అది నిజం కావచ్చు. ఏ నిజాన్నయినా ఎట్లా చెప్పాలో మా ఇంట్లో చదువు రాని మా అవ్వకు తెలుసు. ఆయనకు తెలియదు.

ఆ ఆదివారమే కమిటీ కూర్చుంది. కెప్టెన్‌ని గనుక నేనూ ఉన్నాను. "టీము బాగుపడాలంటే ఏం చెయ్యాలె మాస్టరుగారూ?" అని వకీలు మర్యాదగా అడిగాడు. ఆయన ఆ గదిలో కూర్చున్నవాళ్ళను వేలితో లెక్కపెట్టాడు.

"ఆడేటోళ్ళు పదకొండుమంది. మీరు పదిహేనుమంది ఉన్నరు. ముందుగాల మీరు తగ్గాలె."

ఒకరిద్దరు కుర్చీలు వెనక్కు జరిపారు. ఆయనకు అది పట్టలేదు. చెప్పుకుంటూ పోయాడు. ఎవర్ని ఆడించాలో ఒక్కడే చెప్పాలి, పదిహేను నోళ్ళు చెప్పకూడదు. కమిటీ వాళ్ళు గ్రౌండు గీత దాటి లోపలికి రాకూడదు. కెప్టెను అంటే చదువుకున్నవాడో పెద్దింటివాడో కాదు, తను ఎన్నుకున్నవాడు. ఇప్పుడున్న పదకొండుమందిలో ముగ్గురు పనికొస్తారు, ఎనిమిదిమంది పనికిరారు. ఆ ఎనిమిదిలో వకీలు మేనల్లుడు ఉన్నాడు, నేను ఉన్నాను.

"మా అల్లుడు సెంటర్ ఫార్వర్డ్ గదా?" అన్నాడు వకీలు.

"బంతి వాళ్ళ నాయిన కొనిచ్చిండు గనుక సెంటర్ ఫార్వర్డ్."

వకీలు మొహం కందిపోయింది. అయినా ఒప్పుకున్నాడు. ఎనిమిది గోల్స్ ఇంకా అందరి చెవుల్లో ఉన్నాయి.

సభ ముగిసి మెట్లు దిగుతుంటే ఆయన నన్ను ఆపాడు. "నువ్వు ఆడద్దు. కానీ దినాం రా. ఎవడు యాడ నిలబడాలో నీకెరుక. ఈ ఊర్ల అదొక్కటి నీకే ఎరుక. నీకు తెలివున్నది, కాళ్ళు లెవ్వు. వచ్చేటోళ్ళకు కాళ్ళున్నయి, తెలివి నువ్వియ్యి."

మెచ్చుకున్నాడా, తిట్టాడా అని ఆ రాత్రంతా ఆలోచించాను. మరుసటి రోజు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే ఆ గ్రౌండు తప్ప సాయంత్రాలకు నాకు వేరే చోటు తెలియదు.

ఆయన కొత్తవాళ్ళ కోసం సైకిలేసుకుని తిరిగాడు. ఊరవతల గుట్ట కింద బండలు కొట్టే వడ్డెర అన్నదమ్ములిద్దరు రాళ్ళు అందించుకుంటుంటే గంటసేపు నిలబడి చూశాడట. "ఒకని మొహం ఒకడు చూస్తలేడు. చూడకుంటనే రాయి పోతున్నది, చూడకుంటనే అందుకుంటున్నడు. బంతి రాయి కంటె అల్కగుంటది గద" అని వాళ్ళిద్దర్నీ పట్టుకొచ్చాడు. వాళ్ళను పెద్దబండ, చిన్నబండ అని పిలిచేవాడు. చర్చి వెనక ఖాళీ జాగాలో ఆదివారం పూట ఆడుకునే కూలీవాళ్ళ మధ్య సామ్యేలును పట్టుకున్నాడు. సామ్యేలు అంత గొప్ప ఆటగాడేమీ కాదు. అది నేనే ఆయనతో అన్నాను.

"గాదు," అన్నాడు. "కానీ వాని నోరు చూసినవా? ఆడినంతసేపు ఊకుంటలేడు. ఇటు రా, అటు పో, నీ ఎనక మనిషున్నడు, జర ఆగు. తను ఆడుడు కంటె పదిమందితోని ఆడిపిచ్చుడు ఎక్కువ. వాడే కెప్టెన్."

సామ్యేలు నాయిన ఊరి దొరల పొలాల్లో జీతమున్నవాడు. మిషన్ బడిలో నాలుగక్షరాలు నేర్చుకుని సామ్యేలు దవాఖానలో కుదిరాడు. అట్లాంటివాడు మా క్లబ్బుకు కెప్టెనయితే ఊరు ఏమంటుందో నేను చెప్పనక్కర లేదు. దానికి తోడు గ్రౌండు పక్కన వేపచెట్టు కింద ఒకే కుండ, ఒకే గ్లాసు పెట్టించాడు. అందరూ అందులోనే తాగాలి. వకీలు మేనల్లుడు, ఇంకొక కిరాణా సేటు కొడుకు ఆ రోజే గ్రౌండుకు రావడం మానేశారు. నేను? నేను వారం రోజులు ఇంటి నుంచి సీసాలో నీళ్ళు తెచ్చుకున్నాను. దాచడం ఎందుకు. ఆయన చూశాడు, ఏమీ అనలేదు. ఎనిమిదో రోజు సీసా ఇంట్లో మరిచిపోయి, గొంతు ఎండి, ఆ కుండలోనే ముంచుకు తాగాను. అప్పుడూ చూశాడు. అప్పుడు మాత్రం చిన్నగా తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు చెంపదెబ్బలా తగిలింది. నాకు పరీక్ష పెట్టడానికి వీడెవడు అనుకున్నాను.

ఇక నర్సయ్య సంగతి చెప్పాలి. అసలు నా కోపమంతా అక్కడే ఉంది.

నర్సయ్య మా గోల్ కీపరు. పెద్దబజారులో దర్జీ దుకాణం. పద్నాలుగేళ్ళుగా గోల్‌లో నిలబడ్డవాడు. మా అందరి చొక్కాలూ తనే కుట్టేవాడు. వీపు మీద అంకెలు వేరే గుడ్డలో కత్తిరించి చేత్తో కుట్టేవాడు, మిషను మీద వేస్తే వంకర పోతాయని. నాకంటే ఆరేళ్ళు పెద్ద. నన్ను "తమ్మీ" అనేవాడు. గొంతుక్కూర్చుని లేవలేని ముగ్గురిలో తనూ ఒకడు. కానీ ఆ రోజు ఆయన నర్సయ్యను ఏమీ అనలేదు. మిగతావాళ్ళం టీములోంచి పోయాక కూడా గోల్‌లో ఉంచుకున్నాడు. నర్సయ్య సంబరపడ్డాడు. "నన్నుంచిండు తమ్మీ. నాలో ఏదో ఉన్నది మరి" అన్నాడు.

నెల తరువాత, అంగడి రోజు చూసి, ప్రాక్టీసు మ్యాచ్ పెట్టాడు. అంగడికొచ్చిన జనమంతా గ్రౌండు చుట్టూ చేరారు. ఆట సగంలో ఈల ఊది ఆపాడు. నర్సయ్యను గోల్‌లో నిలబెట్టి, చిన్నబండకు బంతి ఇచ్చి, "ఎడమ దిక్కు, పైకి కొట్టు" అన్నాడు.

మొదటి బంతికి నర్సయ్య ఎగిరాడు. ఎడమ చెయ్యి భుజం దాటి లేవలేదు. బంతి పైనుంచి పోయింది. "ఇంకొకటి" అన్నాడు ఆయన. రెండోది కూడా అట్లాగే పోయింది. "ఇంకొకటి." జనంలో ఎవరో నవ్వారు. నవ్వు పాకింది. "ఇంకొకటి." చిన్నబండ కొట్టనని బంతి కాలి కింద తొక్కిపట్టి నిలబడ్డాడు. ఆయన వెళ్ళి వాడి చెవిలో ఏదో అన్నాడు. వాడు మళ్ళీ కొట్టాడు. ఎన్ని కొట్టించాడో నేను లెక్కపెట్టలేదు. నర్సయ్య చివరికి ఎగరడం మానేసి, వెనక్కు నడిచి వెళ్ళి, కంపల్లో పడ్డ బంతిని తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు.

"చాలునా సార్? ఇంక కొట్టిస్తరా?"

"నీకు సమజైందా?"

"అయింది."

నర్సయ్య చొక్కా విప్పాడు. తను కుట్టిన చొక్కా. దుకాణంలో గిరాకీకి ఇచ్చేటప్పుడు మడతపెట్టినట్టు చేతులు లోపలికి పెట్టి, కాలరు పైకి తెచ్చి, నీటుగా మడిచి బకెట్టు మీద ఉంచాడు. బనీను మీద అంగడి జనం మధ్య నుంచి ఇంటికి నడిచి వెళ్ళాడు. జనం నవ్వడం మానేశారు. దారి ఇచ్చారు.

నేను ఆయన మీదికి వెళ్ళాను. కొట్టేవాణ్ణే, సామ్యేలు పట్టుకున్నాడు.

"గింతమందిల ఎందుకు జేసినవ్? ఒక్కణ్ణి చాటుకు పిలిచి చెప్పద్దా?" సార్ అనడం మరిచిపోయాను.

ఆయన పుట్నాల పలుకు నములుతూ, గొంతు పెంచకుండా జవాబిచ్చాడు. "చాటుకు చెప్తే వాడు నీ తాన ఏడుస్తడు. నువ్వు కోర్టు తానకు పోతవు. కోర్టు నా తానకొచ్చి పద్నాలుగేండ్ల మనిషి, జర సూడుమంటడు. నేను కాదంటే టీము రెండు చీలికలైతది. ఇప్పుడు ఊరంత చూసింది. ఇంకెవడు అడుగుతడు?"

ఎవరూ అడగలేదు. అది ఆయన లెక్క, సరిగ్గానే పడింది. మరుసటి వారం నుంచి గోల్‌లో సామ్యేలు చుట్టం ఒకతను నిలబడ్డాడు. మంచి కీపరే. నర్సయ్య మాత్రం ఆ తరువాత గ్రౌండు పక్క తొవ్వలో నడవలేదు. ఇంటి నుంచి దుకాణానికి అది దగ్గర దారి. వెనక గల్లీలోంచి, మోరీలు దాటుకుంటూ చుట్టు తిరిగి వెళ్ళేవాడు. వానాకాలంలో కూడా.

ఆ చలికాలం మేమే ఆనకట్ట టీమును పిలిచాం. పోయినేడాది కుర్చీల్లో కూర్చున్నవాళ్ళే మళ్ళీ కుర్చీల్లో కూర్చున్నారు. మా వాళ్ళకు బూట్లు లేవు. ముగ్గురికి ఉన్నాయి గాని, "అందరికున్ననాడు అందరేసుకుందురు" అని విప్పించాడు. ఆట మొత్తం సామ్యేలు గొంతే వినిపించింది. ఇద్దరు అన్నదమ్ములూ ఒకరి దిక్కు ఒకరు చూడకుండా బంతి అందించుకుంటుంటే, పోయినేడాది నా భుజం తట్టిన కెప్టెను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు. ఆట చివర్లో మా గోల్ ఒక్కటి పడింది. చిన్నబండ ఎక్కడ నిలబడి ఉన్నాడో ఆ చోటు నేను చూపించిందే. నెల రోజులు గీత గీసి మరీ నేర్పాను. బంతి లోపలికి పోతుంటే జనమంతా లేచారు. నేను లేవలేదు. సంతోషం గొంతుదాకా వచ్చింది. బకెట్టు మీద కూర్చున్నాయన వైపు చూశాను. అక్కడే ఆగిపోయింది.

ఆయన చివరి ఈల కూడా వినలేదు. ఇంకా ఆట ఉండగానే లేచి, నిక్కరు దులుపుకుని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఊరి పెద్దలు పెట్టిన కప్పు వకీలు అందుకున్నాడు. మాటలు వకీలే చెప్పాడు. ఆటగాళ్ళకు ఒక్కరికైనా "శాబాష్" అనని మనిషి ఆయన. అన్నట్టు ఎవరైనా చెబితే నేను నమ్మను.

గెలిచాక కమిటీకి ఆయన అవసరం తీరింది. ఒక సాయంత్రం వకీలు నన్ను ఇంటికి పిలిచి చాయ్ ఇప్పించాడు. "టీము మనదే గానీ మనది గాకుంట అయింది. మా అల్లుడు ఇంట్ల కూసున్నడు. నువ్వు గీత బయట నిలవడ్డవు. గిట్ల ఎన్ని దినాలు? విద్యాశాఖ పెద్దలకు ఒక అర్జీ పోవాలె. నువ్వు రాస్తే మంచిగుంటది" అన్నాడు.

నేను రాశాను. నర్సయ్య కోసం రాస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అంగడి జనం ముందు ఒక గృహస్థుణ్ణి అవమానించాడని రాశాను. కల్లు వాసనతో ప్రాక్టీసుకు వచ్చాడని చిన్నబండను ముక్కులోంచి రక్తం వచ్చేలా కొట్టాడని రాశాను. అది కూడా నిజమే, నేను కళ్ళారా చూశాను. దెబ్బ తిన్నవాడు మరునాడు అన్నతో కలిసి ఎప్పటిలాగే ప్రాక్టీసుకు వచ్చాడని మాత్రం రాయలేదు. కమిటీ మాట ఖాతరు చేయడని రాశాను. అర్జీకి బలం చాలదేమో అనిపించి చివర ఇంకొక వాక్యం చేర్చాను: "పట్టణములోని గౌరవ కుటుంబముల ఆచార వ్యవహారములకు భంగము కలుగునట్లు ఒకే పాత్రలో నీరు త్రాగవలెనని నిర్బంధించుచున్నాడు." వకీలు ఆ వాక్యం అడగలేదు. అది నేను నా అంతట నేను రాసిందే. అప్పటికి ఏడాదిగా నేనూ ఆ కుండలోనే తాగుతున్నాను.

పదిహేనుమందీ సంతకాలు చేశారు. రెండు నెలల్లో పాలమూరు జిల్లాలో కల్వకుర్తి దిక్కుకు బదిలీ ఆర్డరు వచ్చింది. ఆయన ఆ రోజు కూడా గ్రౌండుకు వచ్చి చీకటి పడేదాకా అందర్నీ ఉరికించాడు. పోతున్నానని ఎవరికీ చెప్పలేదు. తెల్లవారి సామాను సైకిలుకు కట్టుకుని బస్సు దగ్గరికి నడిచి వెళ్ళాడని సామ్యేలు తరువాత చెప్పాడు.

వకీలు మేనల్లుడు మళ్ళీ సెంటర్ ఫార్వర్డ్ అయ్యాడు. వేపచెట్టు కింద రెండు కుండలు వెలిశాయి. అన్నదమ్ములు రెండు రోజులు వచ్చి, రెండో కుండ చూసి, మూడో రోజు నుంచి రాలేదు. సామ్యేలును ఎవరూ పొమ్మనలేదు. కెప్టెన్ పని నుంచి తప్పించారంతే. తనే మానుకున్నాడు. కొత్త కెప్టెను ఎవరని అడగకండి. నేనే. ఎంత ఆశగా ఒప్పుకున్నానో తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

ఆ సంతోషంలోనే నర్సయ్య దుకాణానికి పరిగెత్తాను. "అన్నా, ఆయన పోయిండు. నువ్వు మళ్ళ గోల్‌ల నిలవడాలె."

నర్సయ్య మిషను ఆపలేదు. "నేను రాను తమ్మీ. చెయ్యి లేస్తలేదు. ఆయన చూపిచ్చిండు గద."

"అదంత మరిచిపో."

"నువ్వు మరిచిపో. చెయ్యి నాది."

ఆ ఏడు ఆనకట్ట వాళ్ళు మాకు మొదటిసారి కంటే ఎక్కువ గోల్స్ కొట్టారు. రెండో సగంలో నా మోకాలు బిగుసుకుని గ్రౌండు మధ్యలో కూర్చుండిపోతే ఇద్దరు మోసుకుపోయారు. ఆ తరువాత ఏడు క్లబ్బు అలమారకు తాళం పడింది. ఇంతవరకూ తీయలేదు.

ఆయన్ని మళ్ళీ ఒక్కసారే చూశాను. రెండేళ్ళ కింద కచేరీ పని మీద కల్వకుర్తి వెళ్ళాను. ఎండవేళ బస్సు కోసం హోటలు ముందు బల్ల మీద కూర్చుంటే, పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు.

"ఏం దఫ్తర్."

మనిషి చిక్కిపోయాడు. భుజాలు జారి, మెడ బయటపడింది. నేను నమస్తే పెట్టలేదు.

"నీ అర్జీ నాకు చూపిచ్చిన్రు," అన్నాడు. "రాత గుర్తుపట్టిన. అన్ని నిజాలే రాసినవ్."

నేను బస్సు వచ్చే దిక్కు చూశాను.

"ఒకటి అడుగుత. ఆ కుండ మాట కోర్టు చెప్పిందా, నీదా?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. వకీలు అప్పటికి ఊళ్ళో లేడు. కానీ ఈ మనిషి ముందు నేల మీద చెయ్యి పెట్టి లేవడం ఒక్కసారి చాలు.

"నాదే."

"అనుకున్న. కోర్టుకు అంత మంచి తెలుగు రాదు."

చేతిలోని చాయ్ ఒక గుక్క తాగి, "క్లబ్బున్నదా?" అన్నాడు.

"లేదు."

"బండలిద్దరు?"

"ఆనకట్ట కాడికి పనికి పోయిన్రు. ఇప్పుడు ఆ టీముల ఆడుతున్నరు."

అప్పుడు నవ్వాడు. ఆయన నవ్వు నేను చూడడం అదే మొదలు. పళ్ళు కొన్ని లేవు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండింది. "నర్సయ్య ఇప్పటికి వెనక గల్లీల నుంచే పోతడు" అన్నాను. "ఆ గ్రౌండు దిక్కు తలకాయ తిప్పడు. పుణ్యం మీదే."

నవ్వు ఆగింది. "ఎరుకే" అన్నాడు. తప్పయిందనలేదు. మంచికే చేశానని కూడా అనలేదు. చేతిలోని చాయ్ కప్పు బల్ల కింద పెట్టి, "ఎరుకే" అని ఇంకొకసారి అన్నాడు.

దూరంగా బస్సు దుమ్ము లేపుకుంటూ వస్తున్నది. అడగకూడదనుకుంటూనే అడిగాను. "నా మీద కోపమున్నదా?"

"ఉండదా? ఉన్నది. నీకు లేదా?"

"ఉన్నది."

ఆయన లేచాడు. బల్ల అంచు పట్టుకుని లేవాల్సి వచ్చింది. సాయం పట్టడానికి నా చెయ్యి ముందుకు పోయింది గాని, ఆయన దాని దిక్కు చూడలేదు. బస్సెక్కి, నేనున్న వైపు కాకుండా అవతలి కిటికీ దగ్గర కూర్చున్నాడు. కండక్టరు తలుపు పట్టుకుని, "జడ్చర్ల, జడ్చర్ల, వస్తవా అన్నా?" అని నన్నడిగాడు.

నేను ఎక్కాల్సింది ఆ బస్సే. రానని చెయ్యి ఊపాను. తరువాతి బస్సు పొద్దుగూకే వేళకు గాని రాలేదు. అందాకా ఆ బల్ల మీదే కూర్చున్నాను.